టీసీయా, ఆసుపత్రి చీటీయా?

తుని బజారు దాటి తాండవ వంతెన ఎక్కితే అవతల పాయకరావుపేట. చూడ్డానికి రెండూ ఒకే ఊరు. ఇటు మొదలైన బేరం అటు తెగుతుంది, ఇటు పిల్ల అటు కోడలవుతుంది. కాగితం మీద మాత్రం 2022 ఏప్రిల్ నుంచి తుని కాకినాడ జిల్లా, పాయకరావుపేట అనకాపల్లి జిల్లా. అంతకుముందు తూర్పు గోదావరికీ విశాఖకీ సరిహద్దు కూడా ఈ ఏరే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను విన్న వాదం ఈ వంతెన మాటతోనే మొదలైంది.

వాదించుకున్నది ఇద్దరు. ఒకరు హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దాయన. రెండోవారు ఆయన దగ్గర పదో తరగతి చదివి నర్సింగు చేసి, రెసిడెన్షియల్ కాలేజీ సిక్ రూముల్లోనూ హాస్టలు బళ్ళలోనూ పనిచేసిన ఆవిడ. పేర్లు వద్దన్నారు. పనిచేసిన బళ్ళ పేర్లు అసలే వద్దన్నారు, అక్కడ చదివిన పిల్లలకి ఇప్పుడు ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు ఉన్నాయి కాబట్టి. మాస్టారి వీధి అరుగు మీద, మోకాలి ఆపరేషనయ్యాక ఆయన కాలు చాపుకుని కూర్చునే చోట, సాయంత్రం నుంచి రాత్రి భోజనాల దాకా సాగింది. విషయం నొప్పి బిళ్ళలు. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు. నల్లమందు వంశానికి చెందిన ఈ మందులు ఆపరేషన్ నొప్పికీ క్యాన్సర్ నొప్పికీ వరం, స్కూలు బ్యాగులోకి చేరితే వేరే సంగతి.

మాస్టారు: ప్రతి బడికీ ఒక నర్సు కావాలంటున్నావు. సరే, రానీ. దెబ్బ తగిలితే కట్టు కట్టనీ, జ్వరం చూడనీ. బిళ్ళల గొడవ మాత్రం ఆవిడకెందుకు? అమ్మినవాణ్ణి పట్టుకోవడం పోలీసు పని. 2025 మార్చి 21న చేశారు కదమ్మా, ఆపరేషన్ గరుడ అని. మత్తుమందుల్ని పట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ళు, డ్రగ్ కంట్రోల్ వాళ్ళు, విజిలెన్సు వాళ్ళు కలిసి ఒకే రోజు రాష్ట్రమంతా మందుల షాపుల మీద పడ్డారు. చీటీ లేకుండా అమ్మేవాళ్ళ గుట్టు బయటపడింది. అలా మొదట్లో నరకాలి.

సిస్టర్: మంచిపనే చేశారండి, నేను కాదనను. కానీ మాస్టారూ, తునిలో ఒక షాపు ఆయన భయపడి "చీటీ లేనిదే ఇవ్వను" అన్నాడనుకోండి. కుర్రాడు ఏం చేస్తాడు? సైకిలెక్కి వంతెన దాటతాడు. అక్కడ జిల్లా వేరు, ఎస్పీ వేరు, డ్రగ్ ఇన్‌స్పెక్టరు వేరు. ఆ ఒక్కరోజంటే అన్ని జిల్లాల్లో ఒకేసారి చేశారు. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ ఆ వంతెన అక్కడే ఉంటుంది కదండీ.

మాస్టారు: అయితే అటు కూడా రోజూ చెయ్యమందాం. చట్టం ఉంది కదా.

సిస్టర్: చట్టానికేం లోటు లేదండి. చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా, హెచ్1 షెడ్యూలు, 2013లో రాసి 2014 మార్చి నుంచి అమల్లో పెట్టారు. ట్రమడాల్, కోడీన్, ఆల్ప్రజోలం అన్నీ అందులో ఉన్నాయి. స్ట్రిప్పు మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక ఉంటుంది. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ మందు, ఎన్ని ఇచ్చారు, ఇవన్నీ షాపులో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని మత్తుమందుల చట్టంలోకే చేర్చారు. ఆ రిజిస్టరు షాపులోంచి వెళ్ళిన బిళ్ళకి లెక్క చెబుతుంది. ఇంట్లోంచి బడికి వెళ్ళిన బిళ్ళకి ఎవరు చెబుతారు? సిక్ రూములో నా చేతికి దొరికిన బిళ్ళల్లో చాలావాటికి ఆ రిజిస్టరుతో పని లేదు. నాయనమ్మ నడుం నొప్పికి ఆర్ఎంపీ ఇచ్చినవి. లారీ తోలే నాన్న డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నవి. మామిడి సీజన్లో లోడెత్తే కళాసీ మావయ్య సాయంత్రం టీతో వేసుకునేవి. సిజేరియన్ అయిన అక్క దిండు కింద మిగిలినవి. పోలీసులు షాపు తలుపు కొట్టగలరు గాని నాయనమ్మ దిండు కింద వెతకలేరు కదండీ.

మాస్టారు: నువ్వు చెప్పేది ఎక్కడో ఒకటీ రెండూ. మన వైపు అసలు జబ్బు గంజాయి. నర్సీపట్నం నుంచి తుని రోడ్డు మీదుగా దిగి రైలెక్కేది అదే. పిల్లల్ని మోతకి వాడుకునేదీ అందుకే. బిళ్ళల గొడవ పంజాబులో, అమెరికాలో.

సిస్టర్: గంజాయికి వాసన ఉందండి. కుక్క పట్టేస్తుంది, అమ్మ పట్టేస్తుంది, మీరూ పట్టేస్తారు. బిళ్ళకి వాసన లేదు. కళ్ళు ఎర్రబడవు. పైగా అది "మందు". జేబులో దొరికినా "తలనొప్పికండి" అంటాడు, మీరు వదిలేస్తారు. 2019లో ఎయిమ్స్ వాళ్ళు కేంద్రానికి చేసిపెట్టిన సర్వే ఉంది. దేశంలో నల్లమందు జాతి మత్తు ఏదో ఒకటి వాడేవాళ్ళు 2.1 శాతం, అంటే రెండు కోట్ల పాతిక లక్షల పైచిలుకు. అందులో హెరాయిన్ తర్వాత రెండో స్థానం మందుల షాపు సరుకుదే, 0.96 శాతం. నల్లమందు దాని వెనకే. పంజాబు ఎక్కువే గాని, ఆ లెక్క పంజాబు ఒక్కదానిది కాదండి.

మాస్టారు మాట్లాడలేదు కాసేపు. ఆ మౌనంలో ఒక సంగతి చెప్పేస్తాను. మన ప్రభుత్వ హైస్కూళ్ళలో నర్సు అనే ఉద్యోగమే లేదు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో ఏఎన్ఎం ఉంటుంది, కాంట్రాక్టు మీద. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు 2013 నుంచి బళ్ళకి వస్తున్నాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, రక్తహీనత, కంటిచూపు, గుండె చప్పుడు చూసి వెళతాయి. అది మంచి పని, కానీ ఏడాదికి ఒకసారి వచ్చేవాళ్ళకి ఏ పిల్లాడూ మనసు విప్పడు. ఇంకొకటి, ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లని ఆరోగ్య రాయబారులుగా ఎంచుకోవాలని 2020లో పెట్టారు, పాఠాల్లో మత్తుమందుల అంశమూ ఉంది. అయితే లెక్కల మాస్టారే ఆరోగ్య రాయబారి అయితే, లెక్కల్లో తప్పిన పిల్లాడు ఆయన దగ్గరికి ఏ ముఖంతో వెళతాడు?

మాస్టారు: సరే, ఉందనుకో. నర్సుకి ఎలా తెలుస్తుంది? పోలీసు కుక్కకే తెలియనిది?

సిస్టర్: నర్సుకి వాసనతో పని లేదండి, వరసతో పని. ఒకడు సోమవారం కడుపునొప్పని వస్తాడు. నాలుగు రోజులుగా విరోచనం లేదంటాడు. మళ్ళీ వారం వస్తాడు, ఒళ్ళంతా దురదంటాడు. పట్టపగలు నిద్ర తూగుతాడు. టార్చి వేస్తే కంటిపాప గుండుసూది తలంత ఉంటుంది. ఇంకో వారం తిరగబడుతుంది. ముక్కు కారుతుంది, ఆవలింతల మీద ఆవలింతలు, ఒళ్ళు నొప్పులు, రోమాలు నిక్కబొడుచుకోవడం, నీళ్ళ విరోచనాలు, నిద్ర లేదు. అంటే బిళ్ళ దొరకని వారం అన్నమాట. ఒక్కోసారి విడిగా చూస్తే జలుబే, అజీర్ణమే. మీరు చూసినా, ఆర్ఎంపీ చూసినా, రోజు కూలికి పోయే వాళ్ళమ్మ చూసినా ఒక్క ముక్కే కనిపిస్తుంది. ఒకే మనిషి ఒకే పుస్తకంలో ఆరు వారాలు రాస్తేనే వరస కనబడేది.

మాస్టారు: అంత ఓపిగ్గా రాసినవాళ్ళని నేను చూడలేదు.

సిస్టర్: నేనూ రాయలేదండి. రాయనందుకే చెబుతున్నాను.

అప్పుడు చెప్పిందావిడ, గొంతు కాస్త తగ్గించి. ఒక రెసిడెన్షియల్ కాలేజీ. ఇంటర్ రెండో సంవత్సరం కుర్రాడు రాత్రి స్టడీ అవర్లో కొయ్యబారిపోయి, నురగ కక్కుతూ బెంచీ మీంచి పడ్డాడు. ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఇంటికి కబురు పెట్టారు. స్కాను తీయించారు, ఏమీ లేదన్నారు. మూర్ఛ మందు మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళో తాయెత్తూ కట్టించారు. నెల తర్వాత మళ్ళీ పడ్డాడు. ఈసారి సిక్ రూములో మంచం మీదికి మార్చి, వాడి పరుపు దుప్పటి తీస్తుంటే కింద ట్రమడాల్ ఖాళీ స్ట్రిప్పులు.

సిస్టర్: ట్రమడాల్ ఎక్కువైతే ఫిట్స్ వస్తాయండి. అది దాని గుణం, మాకు పాఠంలోనే ఉంది. మొదటిసారే నాకు తట్టాలి. అంతకుముందు మూడుసార్లు మలబద్ధకమని, రెండుసార్లు దురదని వచ్చాడు. అవన్నీ వేరువేరు చీటీల మీద పోయాయి. వాడు ఏమన్నాడో చెప్పనా? ఫుట్‌బాల్‌లో మోకాలు బెణికితే ఆర్ఎంపీ ఇచ్చాడంట. "వేసుకుంటే నొప్పి ఉండదు మేడమ్, భయం కూడా ఉండదు, రాత్రి రెండింటి దాకా చదవొచ్చు" అన్నాడు. వీధిలో తిరిగే కుర్రాడు కాదండి వాడు. ర్యాంకు కోసం వేసుకున్నాడు.

మాస్టారు: ఏం చేశావు?

సిస్టర్: వార్డెన్‌కి చెప్పాను. నేను నర్సుగా చెప్పాను, వాళ్ళు ఫిర్యాదుగా విన్నారు. తెల్లారేసరికి టీసీ చేతిలో పెట్టి వాళ్ళ నాన్నతో బస్సెక్కించేశారు. ఆసుపత్రి చీటీ రాసిద్దామని పరిగెత్తుకెళ్ళేసరికి గేటు దాటేశారు. అలవాటైన బిళ్ళ ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్ళు ఎంత నరకమో వాడికీ తెలీదు, వాళ్ళ నాన్నకీ తెలీదు.

మాస్టారు: నేనూ ఇచ్చానమ్మా టీసీలు. సారా ప్యాకెట్టుతో దొరికినవాడికి ఒకటి, గుట్కా అమ్మినవాడికి ఒకటి. దాచుకోను. అయిదొందల మంది పిల్లలున్న బడి. ఒక్క పండు కుళ్ళితే బుట్టంతా పోతుంది. మిగతా నాలుగొందల తొంభై తొమ్మిది మంది తల్లులకి నేను జవాబు చెప్పాలా వద్దా? నువ్వు ఆ ఒక్కడి గురించే మాట్లాడుతున్నావు.

సిస్టర్: ఆ నాలుగొందల తొంభై తొమ్మిది గురించే మాట్లాడుతున్నానండి. ఆ కుర్రాడు వెళ్ళిపోయాక ఆ సంవత్సరమంతా నా సిక్ రూముకి ఎవరూ రాలేదు. జ్వరాలకి వచ్చారు. కడుపునొప్పులకి, నిద్ర పట్టడం లేదని, ఒంట్లో బాగోలేదని ఒక్కరూ రాలేదు. పిల్లలందరికీ అర్థమైపోయింది, ఈవిడకి చెబితే టీసీ వస్తుందని. వాడి గదిలో ఇంకెవరు వేసుకునేవారో నాకు ఈ రోజుకీ తెలీదు. ఒక్క టీసీతో మీరు పండుని తీసేశాననుకున్నారు. నిజానికి బుట్ట మీద మూత పెట్టేశారండి.

ఈ మాట దగ్గర నేను పూర్తిగా సిస్టర్ పక్షానికి వెళ్ళిపోయాను. మధ్యస్థుడిగా కూర్చున్నవాడు ఆ మాట దాచకూడదు.

సిస్టర్: మీరు చరిత్ర చెప్పిన మాస్టారు కాబట్టి ఒకటి చెబుతాను. బడి నర్సు అన్నది ఎలా పుట్టిందో తెలుసాండి? న్యూయార్క్‌లో 1902. అప్పటికే బళ్ళకి డాక్టర్లు వచ్చేవారు. తలలో పేలు, తామర, కళ్ళకి ట్రకోమా కనబడితే చాలు, పిల్లల్ని ఇంటికి పంపేసేవారు. వైద్యం లేదు, కబురు లేదు. 1902 సెప్టెంబరు ఒక్క నెలలో 10,567 మందిని బయటికి పంపారు. తర్వాతి నెల లీనా రోజర్స్ అనే నర్సుని నాలుగు బళ్ళకి వేశారు, ప్రయోగంగా. ఆవిడ పుళ్ళు కడిగింది, మందు రాసింది, ఇళ్ళకి నడిచివెళ్ళి తల్లులకి చూపించింది. పని బాగుందని ఇంకా నర్సులని పెట్టారు. ఏడాది తిరిగి 1903 సెప్టెంబరు వచ్చేసరికి బయటికి పంపినవాళ్ళు 1,101. అంటే బడిలోకి నర్సు వచ్చింది పిల్లల్ని పట్టివ్వడానికి కాదు మాస్టారూ. గెంటేసిన పిల్లల్ని మళ్ళీ బెంచీ మీద కూర్చోబెట్టడానికి.

మాస్టారు: పేలూ తామరా వేరు, మత్తు వేరు.

సిస్టర్: అప్పుడు తామరనీ అలాగే చూసేవారండి. అంటుకుంటుంది, గెంటెయ్యండి అని.

మాస్టారు: (కాలు కొంచెం సర్దుకుని) సరే, నీ నర్సు మంచిదే. కాంట్రాక్టు మనిషి. జీతం ఎవరిస్తారు? ప్రిన్సిపాల్ సంతకం పెడితే వస్తుంది. రేపు ప్రిన్సిపాల్ పిలిచి "ఎవడు వేసుకుంటున్నాడో పేరు చెప్పు" అంటే, చెప్పనని నిలబడగలదా? నిలబడితే వచ్చే జూన్లో ఆవిడ ఉంటుందా? నేను హెచ్చెం కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఆ కుర్చీ బలం నాకు తెలుసు. నువ్వు రాసిన పుస్తకం నా బీరువాలో ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు నేను తెరుస్తాను.

సిస్టర్: (చాలాసేపటికి) ఇది మీరు నన్ను పట్టుకున్న చోటండి. ప్రిన్సిపాల్ కింద ఉన్న నర్సు ప్రిన్సిపాల్ నర్సే. నేను అలాగే ఉన్నాను. అందుకే నేను కొత్త పోస్టులు అడగడం లేదు. హాస్టలు బళ్ళకి మాత్రం అడుగుతాను, రాత్రిళ్ళు అక్కడ ఇంకో పెద్దదిక్కు లేదు కాబట్టి. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు వచ్చి ఎంతమంది ఆసుపత్రుల పాలయ్యారో చూశాం కదా. కామెర్ల కన్ను పసుపెక్కడం గమనించే మనిషే, చిన్నబడిన కంటిపాపనీ గమనిస్తుంది. ఆవిడ కూడా పీహెచ్‌సీ డాక్టరు కింద ఉండాలి, ప్రిన్సిపాల్ కింద కాదు. ఇంక ఊళ్ళో మామూలు హైస్కూలుకి మనిషి ఇప్పటికే ఉందండి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఏఎన్ఎంలని వేశారు. ఆవిడ పీహెచ్‌సీ డాక్టరుకి జవాబు చెబుతుంది గాని హెచ్చెంకి కాదు. వారానికి ఒక పూట, ఎప్పుడూ అదే రోజు, బళ్ళో ఒక గదిలో కూర్చోమనండి. పుస్తకం తనతో తీసుకుపోవాలి. మీ బీరువాలో పెట్టకూడదు.

మాస్టారు: ఆవిడకి ఇప్పటికే టీకాలు, గర్భిణులు, ఫోన్లో ఫొటోలు, అరడజను యాప్‌లు. పూట ఎక్కణ్ణుంచి తెస్తుంది?

సిస్టర్: అది నిజమే. రెండు యాప్‌లు తీసేస్తే ఒక పూట వస్తుంది. అది జిల్లా అధికారి చెయ్యాలి.

మాస్టారు: ఇంకోటి. తల్లిదండ్రులకి చెప్పదా మీ ఏఎన్ఎం? నా మనవడు బిళ్ళలు మింగుతుంటే నాకు తెలియకపోవడమేంటి?

సిస్టర్: చెప్పాలండి. మైనరు కదా, దాచితే వైద్యం ఎలా? కానీ పిల్లాడితో కలిసి చెప్పాలి, వాడి ఎదురుగా, ఆసుపత్రి చీటీ చేతిలో పెట్టుకుని. బడికి చెప్పనక్కర్లేదు. ఒక్క సందర్భంలో తప్ప.

మాస్టారు: ఏ సందర్భం?

సిస్టర్: వాడు వేసుకోవడంతో ఆగక పక్కవాడికి అమ్ముతుంటే, లేక ఎవరో పెద్దవాడు వాడిచేత అమ్మిస్తుంటే. అప్పుడు మీ పోలీసు మాటే మాట. బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకి మత్తుమందు ఇస్తే ఏడేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష జరిమానా. పిల్లలచేత మోయించినా అమ్మించినా 78వ సెక్షన్, అదే శిక్ష. అది ఆ పెద్దవాడికి. వేసుకున్న పిల్లాడికి మాత్రం మత్తుమందుల చట్టమే ఒక తలుపు తెరిచి పెట్టింది, 64ఏ సెక్షన్. కొద్దిపాటి సరుకుతో దొరికిన వ్యసనపరుడు తనంతట తాను వైద్యానికి వస్తే కేసు నడపరు. మన చట్టం టీసీ కంటే దయగలది మాస్టారూ.

మాస్టారు ఈ సెక్షన్ రెండుసార్లు చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ ట్రైనింగులోనూ ఎవరూ తనకీ మాట చెప్పలేదన్నారు.

మాస్టారు: అయితే కిట్లు పెట్టండి. మూత్ర పరీక్ష. నెలకోసారి అందరికీ. పేరు పేరునా అనుమానించక్కర్లేదు, దాచడమూ ఉండదు.

సిస్టర్: దొరికే మామూలు కిట్లు నల్లమందు, హెరాయిన్ లాంటివాటిని చూపిస్తాయి. ట్రమడాల్ అందులో తేలదు, దానికి వేరే పరీక్ష. మీ కిట్టులో ఏమీ లేదని వస్తుంది, మీరు నిశ్చింతగా నిద్రపోతారు. ఇంకోవైపు, దగ్గుకి కోడీన్ మందు తాగిన పిల్లాడు దొంగ అవుతాడు. అయిదొందల మందిని వరసలో నిలబెట్టి సీసాలు ఇస్తే వాళ్ళ కళ్ళల్లో బడి ఏమవుతుందో మీరే చెప్పండి.

మాస్టారు: అది వద్దులే. ఆడపిల్లలున్న చోట మరీ వద్దు. కానీ నువ్వు నాకొక మాట ఇవ్వాలి. అవగాహన సదస్సులని పెట్టి, స్టేజీ మీద బిళ్ళల పేర్లు చదివి, ఫొటోలు చూపిస్తున్నారు. నిన్నటి దాకా తెలియని పిల్లలకి పేరు నేర్పుతున్నారు. ఇది నేను ఒప్పుకోను.

సిస్టర్: ఇది నేనూ ఒప్పుకోనండి. "డ్రగ్స్ వద్దు బ్రో" అని గోడ మీద రాసుకోవచ్చు, ఈగల్ క్లబ్బులు పెట్టుకోవచ్చు. పేర్లు మాత్రం పిల్లలకి వద్దు. పేర్లు తల్లులకి చెప్పాలి, నాయనమ్మలకి చెప్పాలి, ఎర్ర గీతల డబ్బా చూపించి. పిల్లలకి చెప్పాల్సింది ఒక్కటే. నీకు గానీ నీ పక్కవాడికి గానీ ఒంట్లో తేడాగా ఉంటే ఫలానా రోజు ఈ గదిలో ఒకావిడ ఉంటుంది, ఆవిడ కొట్టదు, రాసి హెచ్చెంకి ఇవ్వదు అని.

అమెరికా సంగతి కొద్దిగా వచ్చింది, ఎందుకంటే మాస్టారి మేనకోడలు డాలస్ దగ్గర ఉంటుంది. అక్కడ 1996లో ఆక్సికాంటిన్ అనే నొప్పి బిళ్ళని కంపెనీ అంతగా అలవాటు కాదని చెప్పి డాక్టర్లచేత విరివిగా రాయించింది. 2007లో ఆ కంపెనీ తప్పుడు ప్రచారం చేశానని కోర్టులో ఒప్పుకుంది. అప్పటికే ఊళ్ళకి ఊళ్ళు అలవాటు పడ్డాయి. బిళ్ళల మీద నిబంధనలు బిగించాక హెరాయిన్, ఆ తర్వాత అంతకంటే ఘాటైన ఫెంటనిల్ వచ్చాయి. 2022 చివర, 2023 మొదట్లో డాలస్ శివారు క్యారల్టన్‌లో నొప్పి బిళ్ళలా అచ్చుపోసిన నకిలీ ఫెంటనిల్ బిళ్ళలు మింగి బడిపిల్లలు చనిపోయారు. పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ ఏడాదే టెక్సాస్ చట్టం చేసింది, ఆరో తరగతి నుంచి పై బళ్ళలో నలాక్సోన్ సిద్ధంగా ఉండాలని.

మాస్టారు: నలాక్సోన్ అంటే?

సిస్టర్: విరుగుడండి. ఊపిరి ఆగిపోతున్నవాడికి ముక్కులో కొట్టినా, ఇంజెక్షన్ చేసినా నిమిషాల్లో ఊపిరి అందుతుంది. కాకపోతే అది గంట, గంటన్నరలో దిగిపోతుంది, బిళ్ళ ఇంకా ఒంట్లోనే ఉంటుంది, అందుకని ఆసుపత్రికి తీసుకెళ్ళి తీరాలి. మన దగ్గర ఇంజెక్షన్ ఆసుపత్రుల్లో ఉంటుంది. మనకి ఫెంటనిల్ ఇంకా బడిదాకా రాలేదు. కానీ ట్రమడాల్‌తో పాటు నిద్ర బిళ్ళ, మందు సీసా కలిస్తే ఊపిరి ఆగడానికి ఫెంటనిల్ అక్కర్లేదు. పెదాలు నీలంగా మారి, గురక పెడుతూ, లేపితే లేవనివాణ్ణి "పడుకోనీ, మత్తు దిగుతుంది" అని వదిలెయ్యకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి చెయ్యాలి. తాళాలు చేతిలో పెట్టడం కాదు.

చీకటి పడింది. మాస్టారి కోడలు లైటు వేసింది. అప్పుడు సిస్టర్ అడిగింది, వాదంలా కాదు, మామూలుగా.

సిస్టర్: మీ మోకాలికి ఆపరేషనయ్యాక నొప్పికి ఏం రాశారండి?

మాస్టారు: పేరు గుర్తులేదు. ఎర్ర గీత ఉంటుంది. రోజుకి రెండు, పది రోజులు. మొదట్లో వేసుకున్నా, తర్వాత మానేశా. తల తిరుగుతుంటే.

సిస్టర్: మిగిలినవి?

తమలపాకుల పళ్ళెం పక్కనే స్టీలు డబ్బా. ఆయనే మూత తీశారు. బీపీ బిళ్ళలు, షుగరు బిళ్ళలు, అరిగిన దువ్వెన, రెండు ట్రమడాల్ స్ట్రిప్పులు. ఒకటి నిండుగా ఉంది. రెండోదాంట్లో మూడు మిగిలాయి.

సిస్టర్: ఏడు మీరే వేసుకున్నారా?

మాస్టారు చాలాసేపు లెక్కపెట్టుకున్నారు. ఆపరేషనైన రోజు ఆసుపత్రిలో ఇచ్చినవి వేరు. ఇంటికొచ్చాక మొదటి రోజు రెండు, రెండో రోజు... పక్కింటాయన నడుం పట్టేసిందంటే ఒకటి ఇచ్చినట్టు గుర్తు. ఇంట్లో ఇంటర్ చదివే మనవడున్నాడు, లోపల టీవీ చూస్తున్నాడు. ఎవరూ వాడి పేరెత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు. ఏడు బిళ్ళల లెక్క ఆ ఇంట్లో ఎవరికీ తెలియదన్నది మాత్రమే ఆ రాత్రి తేలిన నిజం. ముప్పై ఏళ్ళు హాజరు పట్టీ తప్పకుండా రాసిన మనిషి ఇల్లది.

మాస్టారు: నేను ఇప్పటికీ అంటాను అమ్మాయ్, షాపుల మీద దాడులు ఆపకూడదు. ఇంకా ఎక్కువ చెయ్యాలి, రెండు జిల్లాల వాళ్ళూ ఒకేరోజు చెయ్యాలి.

సిస్టర్: ఆపమని నేను ఎప్పుడన్నానండి?

మాస్టారు: టీసీ విషయంలో మాత్రం... అమ్మినవాడికి తప్ప వేసుకున్నవాడికి టీసీ ఇవ్వకూడదు. ఆ మాట నేను అంటాను. మొన్న మెగా పేరెంట్ మీటింగుకి పాత హెచ్చెం అని పిలిచారు, మళ్ళీ పిలుస్తారు. నాకు మైకు రెండు నిమిషాలు ఇస్తారు. ఏం చెప్పమంటావు?

ఆవిడ చెప్పింది, ఆయన 64ఏ రాసుకున్న కాగితం వెనక రాసుకున్నారు. ఇదిగో, అలాగే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. తుని వాళ్ళకే కాదు, బడికెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంటికీ.

ఎర్ర గీతల డబ్బా ఉన్న బిళ్ళలు ఇంట్లో ఎన్ని ఉన్నాయో ఈ రాత్రే లెక్కపెట్టండి, తాళం వెయ్యండి, అవసరం తీరినవి ఉంచుకోకండి. ఒకరికి రాసిన నొప్పి బిళ్ళ ఇంకొకరికి ఇవ్వకండి, పిల్లలకి అసలే వద్దు. పిల్లాడికి కొత్తగా ఫిట్స్ వస్తే, ఏ మందులైనా వేసుకున్నాడా అని డాక్టరు ఎదుట వాణ్ణే నెమ్మదిగా అడగండి. వేసుకుంటున్నాడని తేలితే ఒక్కసారిగా మాన్పించకండి, కొట్టకండి, ఊరు మార్చకండి. తుని ఏరియా ఆసుపత్రికో, కాకినాడ జీజీహెచ్ మానసిక వైద్య విభాగానికో, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రికో తీసుకెళ్ళండి. దారి తెలియకపోతే ఫోన్ చెయ్యండి: వ్యసన విముక్తికి 14446, మనసు బాగోలేకపోతే 14416. అమ్మేవాడెవడో తెలిస్తే 1972. హెడ్మాస్టర్లకి ఒక్క మనవి. వారానికి ఒక పూట మీ సచివాలయం ఏఎన్ఎంకి బళ్ళో ఒక గది ఇవ్వండి, ఆ గదిలో ఏం రాశారని అడగకండి.